వెలుగు వేగం 324 మీటర్లా?

మొన్న పరీక్షలో మా హిందూపురం పదో తరగతి పిల్లవాడొకడు ఇలా రాశాడు: "వెలుగు వేగం సెకనుకు 3×108 మీటర్లు." గుణించి చూడండి. 324 మీటర్లు! గాలిలో శబ్దవేగమే సుమారు 340 మీటర్లు. అంటే పెనుకొండ కొండ మీద పిడుగు పడితే మెరుపు కన్నా ఉరుమే ముందు మనల్ని చేరాలన్నమాట!

వాడు ఫోనులో ఒక నోట్సు యాప్‌లో పాఠాలు రాసుకునేవాడు. వాళ్ళన్న పాత ఫోను చేతికి రాగానే వేరే యాప్‌కు మారి, నోట్సంతా కాపీ చేసి అందులో అతికించాడు. 10 నెత్తిన కూర్చున్న 8 కాస్తా కిందికి దిగింది. దాన్నే బట్టీపట్టాడు.

ఎందుకు దిగింది? ఫోనుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సంఖ్య ఒకటుంది. ఈ ఏర్పాటు పేరు యూనికోడ్. ఇది మొదట 1991లో వెలువడింది. తెలుగుకు అప్పుడే అందులో చోటు దొరికింది. 'క'కు 3093, మామూలు 8కి 56. మొదటి యాప్ 56 అని దాచుకుని, "దీన్ని పైకెత్తి చూపు" అని పక్కన తన సొంత గుర్తు పెట్టుకుంది. రెండో యాప్ 56ను తీసుకుని గుర్తును వదిలేసింది. నిజానికి పైన నిలిచే ⁸కు యూనికోడ్‌లో విడిగా 8312 అనే సంఖ్య ఉంది. దాన్ని వాడి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

తెలుగు సంగతి ఇంకా తమాషా. 'హిందూపురం' మన కంటికి నాలుగక్షరాలే. ఫోను లెక్కలో హ, గుడి, సున్న, ద, కొమ్ముదీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న: మొత్తం తొమ్మిది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున 27 బైట్లు. పాత డి.టి.పి. ఫాంట్లు మాత్రం తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల్లోనే దాచేవి. అలా టైపు చేసుకున్న నా ప్రశ్నపత్రాలను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అన్నీ పిచ్చిరాతలే! రెండు వేసవి సెలవులు వాటిని మళ్ళీ టైపు చేయడానికే సరిపోయాయి.

మరి ఏ యాప్ ఎంచుకోవాలి? రంగులు చూసి మురిసిపోకండి. రాసింది బయటికి తీసుకునే దారి ఉందా అని చూడండి. గూగుల్ కీప్‌లో రాసినవాటిని టేకౌట్ ద్వారా దించుకోవచ్చు.

ఈ చిన్న ప్రయోగం చేయండి. కొత్త యాప్‌లో 'కిరణజన్య సంయోగక్రియ' అనే మాట, 3×10⁸, ఒక గుండె బొమ్మ పెట్టండి. బయటికి తీసి వేరే ఫోనులో, నెట్ ఆపి తెరవండి. మాట వెతికితే దొరికిందా? 8 పైనే ఉందా? బొమ్మ వచ్చిందా? వేలితో తెరపై రాసింది చాలాసార్లు గీతల బొమ్మగానే వస్తుంది, అందులో మాటలు వెతకడం కష్టం. అంతా సరిచూసుకునేదాకా పాత యాప్‌ను తీసేయకండి.

మా పిల్లవాడు ఇప్పుడు తన నోట్సంతా మొదటినుంచీ సరిచూస్తున్నాడు. నిన్న అవొగాడ్రో సంఖ్య దగ్గర ఆగిపోయాడు. అక్కడ 6.022×1023 అని ఉంది. ఒక మోల్‌లో సుమారు 6,160 కణాలేనట!