గోడ ఒకరిది, బోర్డు ఇంకొకరిది

మా మండలంలో గ్రామీణ బ్యాంకు ఉండే మిద్దెకు ఇది మూడో బోర్డు. నా చిన్నప్పుడు శ్రీ వేంకటేశ్వర గ్రామీణ బ్యాంకు. 2006లో సప్తగిరి గ్రామీణ బ్యాంకు. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. బోర్డు మారినప్పుడల్లా ఊర్లో ఒకటే ప్రశ్న: "మన బ్యాంకును ఎవురు కొనుక్కున్నారన్నా?" కొనడం కాదు. అయితే అడగాల్సిన ప్రశ్నే.

ముందు మిద్దె సంగతి. అది ఒకప్పుడు కాపురముండిన ఇల్లు. రాతి కూసాలు, వాకిట్లో తిన్నె. బ్యాంకుకు బాడిగకిచ్చినాక ముందుగోడ తీసేసి గ్రిల్లు, షట్టరు పెట్టినారు. తిన్నె మటుకు మిగిలింది. పాస్‌బుక్కు పట్టుకోని మా నాయన ఆడే కూచునేవాడు. వెనకపక్క గది స్ట్రాంగ్ రూమ్ అయింది. కిటికీ లేదు, గోడలు కాంక్రీటు, లోపల కమ్మీల అల్లిక. మామూలుగా ఇట్లాంటి గదిని ఇంటి ఓనరే బ్యాంకు చెప్పిన కొలతలకు సొంత ఖర్చుతో కట్టియ్యాల, ఇనుప తలుపు బ్యాంకు తెచ్చుకుంటుంది. బ్యాంకు ఖాళీ చేస్తే ఆ గది శెనిక్కాయ మూటలకు తప్ప దేనికీ పనికిరాదు. అందుకే ఓనర్లు బాడిగ విషయంలో గమ్మున సర్దుకుంటారు. ఆ గదిలో ఉండేది మన ఆడోళ్ల మెడల్లోంచి దిగిన బంగారం.

గోడ ఊర్లో మనిషిది, నగ మనది. మరి బ్యాంకు ఎవరిది?

1975లో నరసింహం వర్కింగ్ గ్రూపు, పల్లెలకు పల్లె సంగతి తెలిసిన బ్యాంకు కావాలని చెప్పింది. సెప్టెంబరు 26న ఆర్డినెన్సు, అక్టోబరు 2న మొదటి అయిదు బ్యాంకులు, 1976లో చట్టం. ఆ చట్టం లెక్కలో వాటా కేంద్రానికి 50 శాతం, రాష్ట్రానికి 15, ప్రాయోజక బ్యాంకుకు 35. ప్రాయోజక బ్యాంకు అంటే పెద్దన్న మాదిరి, చైర్మన్ను పంపేది అదే.

మన పెద్దన్న ఇండియన్ బ్యాంకు. దాని పుట్టుక కూడా వినదగ్గదే. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి, దాచుకున్నోళ్లను ముంచింది. తెల్లదొరల కంపెనీలను నమ్మితే ఇంతేనని మనోళ్లు 1907 ఆగస్టు 15న సొంత బ్యాంకు పెట్టుకున్నారు. 1969లో అది జాతీయమైంది.

2006లో జరిగింది ఇంకా విచిత్రం. చిత్తూరు బ్యాంకును గుడివాడ కనకదుర్గ గ్రామీణ బ్యాంకుతో కలిపినారు. యాడ చిత్తూరు, యాడ గుడివాడ! నడుమ ఎన్ని జిల్లాలు! రెండిటికీ ఇండియన్ బ్యాంకే పెద్దన్న, అదీ లెక్క. అయినా హెడ్డాఫీసు చిత్తూరులోనే ఉండింది కాబట్టి మనకు నొప్పి తెలీలేదు.

2025లో తెలిసింది. ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అని కేంద్రం దేశమంతా 43ను 28 చేసింది. మన రాష్ట్రంలో నాలుగూ ఒకటైనాయి. హెడ్డాఫీసు అమరావతి, పెద్దన్న యూనియన్ బ్యాంకు. చిన్న బ్యాంకులు కంప్యూటర్ల ఖర్చు మోయలేవు అనే మాటలో నిజం ఉండాది, నేను కాదనను. కానీ చిత్తూరుకు పోతే పొద్దుగూకేలోగా ఇల్లు చేరతాం. అమరావతికి ఒక రాత్రి ప్రయాణం. మామిడి రేటు పడిపోయిన ఏడు రైతుకు గడువు పెంచాలా వద్దా అని కుర్చీలో కూచునేవాడు, తోతాపురి తోటను కళ్లతో చూసినోడా కాదా అనేది చిన్న సంగతి కాదు.

ఇంకోటి. 2015లో చట్టం మార్చినారు. బయటి పెట్టుబడి రావచ్చు, కేంద్రం, ప్రాయోజక బ్యాంకు కలిపి 51 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. అంటే వాటా తలుపు తాళం తీసే పెట్టినారు. తమ్ముళ్లూ, బోర్డు మీద అక్షరాలకంటే దీన్ని కనిపెట్టుకోని ఉండండి. డైరెక్టర్లలో ఇద్దరిని పంపే హక్కు మన రాష్ట్ర ప్రభుత్వానికి ఉండాది. ఆ ఇద్దరెవరని మన ఎమ్మెల్యేను ఎప్పుడైనా అడిగినామా?

మొన్న ఆ మిద్దె ఓనరు ఎదురొచ్చి, "అగ్రిమెంటు మళ్లా రాయించాల్నా నాయనా?" అన్నాడు. అక్కర్లేదు పెద్దాయనా అన్నా. విలీనంలో పాత బ్యాంకు ఆస్తులు, బాకీలు, ఒప్పందాలు కొత్త బ్యాంకుకు దఖలు పడతాయి. మీ డిపాజిట్టూ, మీ అప్పూ, లోపలున్న నగా అంతే. మీరు బ్రాంచికి పోయినప్పుడు మేనేజరును ఒక్కటి అడగండి: ఎంతవరకు అప్పు ఈడనే ఇస్తారు, అంతకు మించితే కాగితం ఏ ఊరికి పోతుంది?