బాడీ ఒక రంగు, చేతులొక రంగు!

మా అమ్మాయి చుడీదారు కుట్టి తెచ్చింది మా వీధి టైలరమ్మ. చూద్దును కదా, బాడీ ముదురు నీలం, చేతులు ఒక పిసరు లేత! "గుడ్డ మార్చేశావా?" అని అనేశాను. ఆవిడ మారు మాట్లాడలేదు. మర్నాడు మిగిలిన ముక్కలు తెచ్చి గడప దగ్గర వెలుతురులో పరిచింది. అదే గుడ్డ. మధ్యలో ముదురు, అంచుకు వచ్చేసరికి లేత. చేతులు అంచు పక్కనుంచి కత్తిరించిందట. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

మిల్లులో రంగునీళ్లలో ముంచిన గుడ్డను రోలర్ల మధ్య పిండుతారు. ఆ ఒత్తిడి అన్నిచోట్లా సమానంగా లేకపోతే మధ్యకీ అంచుకీ ఇలా తేడా వస్తుంది. అందుకే పరీక్షకు రెండంచుల నుంచీ, మధ్య నుంచీ ముక్కలు తీసి పక్కపక్కనే కుట్టి, పగటి వెలుతురును పోలిన దీపం కింద చూస్తారు. బూడిదరంగు స్కేలుతో పోల్చి మార్కులేస్తారు. 5 అంటే తేడా లేదని, 1 అంటే బాగా ఉందని.

మనకవన్నీ ఎక్కడివి? గుడ్డను అడ్డంగా మడిచి అంచును మధ్యభాగానికి ఆనించి చూడండి. అదీ కొట్లో ట్యూబులైటు కింద కాదు, గుమ్మం దగ్గరికి తెచ్చి. (కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనీ!) కత్తెర పడ్డాక వాపసు తీసుకోరు మరి. చేనేతలో చిలపకూ చిలపకూ కాస్త తేడా ఉండచ్చు, అది వేరే సంగతి.

ఇప్పుడు గుడ్డ కొనడానికి వెళ్తే టైలరమ్మనే వెంటబెట్టుకు వెళ్తున్నాను.