కణజాల వర్ధనం ద్వారా అరుదైన మొక్కల సంరక్షణ

ఈ భాగం చదివిన తర్వాత మీరు కణజాల వర్ధనంలోని దశలను వివరించగలుగుతారు. పంట మొక్కలకూ, ప్రమాదంలో ఉన్న అడవి మొక్కలకూ దాన్ని వాడే తీరులో తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

తాడేపల్లిగూడెం పరిసరాల్లో 'టిష్యూ కల్చర్' అరటి మాట మీరు వినే ఉంటారు. ఈ మొక్కలు ఏకరీతిగా పెరిగి, ఇంచుమించు ఒకేసారి గెలలు వేస్తాయి. దీనికి ఆధారం టోటిపొటెన్సీ. అంటే సజీవ వృక్షకణానికి అనుకూల పరిస్థితుల్లో పూర్తి మొక్కగా పెరగగల శక్తి ఉండటం. అరుదైన మొక్కలను పెంచడానికీ ఇదే ఆధారం.

2. దశలు

మొదట తల్లిమొక్క నుంచి కొనమొగ్గను లేదా కణుపు ముక్కను తీసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేస్తారు. దీన్ని ఎక్స్‌ప్లాంట్ అంటారు. తర్వాత లవణాలు, చక్కెర, విటమిన్లు, హార్మోన్లు కలిపిన యానకంలో ఉంచుతారు. మురాషిగె, స్కూగ్ 1962లో ప్రకటించిన ఎం.ఎస్. యానకం నేటికీ విరివిగా వాడుకలో ఉంది. సాధారణంగా సైటోకైనిన్ పాలు ఎక్కువైతే కాండాలు, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు ఏర్పడతాయి.

చివరి దశ హార్డెనింగ్. సీసాలో పెరిగిన మొక్క ఆకులపై అవభాసిని పలుచగా ఉంటుంది; పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. నేరుగా ఎండలో నాటితే వాడిపోతుంది. అందుకే నీడలో ఉంచి, తేమను క్రమంగా తగ్గిస్తారు.

3. ఉదాహరణ: ఎర్రచందనం

శేషాచలం, వెలిగొండ, లంకమల కొండల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు అక్రమ నరికివేత వల్ల తరిగిపోతోంది. 1995 నుంచి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కాయ తొక్క గట్టిగా ఉండటం వల్ల విత్తనాలు తక్కువగా మొలకెత్తుతాయి. ప్రయోగశాలల్లో నారుమొక్కల కణుపుల నుంచి కొత్త కాండాలను రాబట్టగలిగారు.

4. ఏకరూపత: ఒకచోట లాభం, మరోచోట ముప్పు

అరటి రైతుకు అన్ని మొక్కలూ ఒకేలా ఉండటం లాభం. అడవికి అదే ముప్పు. ఒకే జన్యురూపం గల మొక్కలను ఒకే తెగులు తుడిచిపెట్టగలదు. ఎగుమతి తోటలను ఏలిన గ్రో మిషెల్ అరటిని 20వ శతాబ్ది మధ్యనాటికి పనామా తెగులు దెబ్బతీసింది. కాబట్టి సంరక్షణలో ఒక్క చెట్టు నుంచి పది వేల మొక్కలు తీయడం కంటే, వేర్వేరు కొండల్లోని వంద చెట్ల నుంచి వందేసి చొప్పున తీయడం మేలు. ఏ మొక్క ఏ తల్లిదో నమోదు చేయాలి.

5. ఆవాసం

ప్రతి మొక్కకూ ప్రయోగశాల అవసరం లేదు. ఏలూరు దగ్గరి కొల్లేరులో కిక్కిస గడ్డి నేలలోని కొమ్ముల ద్వారా తానే వ్యాపిస్తుంది. దానికి కావలసింది నీరు, చిత్తడి నేల. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ సరస్సులో చేపల చెరువుల గట్లను 2006లో తొలగించడం ఆవాస పునరుద్ధరణ ప్రయత్నమే. మొక్క ఎందుకు తరిగిపోతోందో ముందు తెలుసుకోవాలి. తిరిగి నాటే చోటు లేకపోతే సీసాలోని మొక్క సీసాలోనే మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హార్డెనింగ్ ఎందుకు అవసరం?
2. మీ ప్రాంతంలో తరిగిపోతున్న ఒక మొక్కను తీసుకోండి. దానికి కణజాల వర్ధనం అవసరమా, ఆవాస రక్షణ చాలునా? కారణాలతో రాయండి.