పసుపును మోసే పాలు, ఆముదాన్ని తప్పించిన ప్రోటీను

మైదుకూరు, టేకూరుపేట కడప జిల్లా ఊళ్లని అందరికీ తెలుసు. అవి పసుపు రకాల పేర్లు కూడా. ఆ పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌తో మందుల పరిశోధకులకు పెద్ద చిక్కు ఒకటుంది. అది నీళ్లలో దాదాపు కరగదు. ఎంత మింగినా నెత్తురులోకి చేరేది చాలా తక్కువ. పాలలో మాత్రం దానికి చోటు దొరుకుతుంది. పాలలోని కేసిన్ ప్రోటీన్లు తమంత తామే గుంపుకట్టి వంద, రెండు వందల నానోమీటర్ల గుండ్రటి ముద్దలవుతాయి. మీటరును వంద కోట్ల వంతులు చేస్తే ఒక వంతు నానోమీటరు. దూడకు కావలసిన క్యాల్షియాన్ని, ఫాస్ఫేటును మోసుకెళ్లడం ఆ ముద్దల అసలు పని. కర్క్యుమిన్ కూడా వాటిలో ఇముడుతుందనీ, ఆ రూపంలో క్యాన్సర్ కణాల మీద పనిచేస్తుందనీ 2008లో గువాహటి ఐఐటీ పరిశోధకులు ప్రయోగశాలలో చూపించారు. పసుపు పాలు తాగితే క్యాన్సర్ పోతుందని దీనర్థం కాదు. అది గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగం.

బిడ్డ పుట్టగానే పట్టాల్సిన ముర్రుపాలలో లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీను బాగా ఉంటుంది. ఒక్కో అణువు రెండేసి ఇనుప అయాన్లను పట్టుకోగలదు. దాన్ని గుర్తుపట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు మన కణాల మీద ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆనంద్ కుమార్ కొండపి బృందం ఈ గుణాన్నే ఆసరా చేసుకుంది. లాక్టోఫెర్రిన్‌నూ, నెత్తురులో ఇనుము మోసే ట్రాన్స్‌ఫెర్రిన్‌నూ మందుతో కలిపి నానో రేణువులు చేశారు. చేసే పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. ప్రోటీను, మందు కలిసిన ద్రవాన్ని ఆలివ్ నూనెలో చుక్కచుక్కగా వేస్తారు. శబ్ద తరంగాలతో చిలికి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. ప్రోటీన్లను ఒకదానికొకటి కుట్టేయడానికి వాడే ఘాటు రసాయనాలు ఇందులో లేవు. రేణువు కణంలోకి చేరాక అక్కడి ఆమ్లగుణానికి విడివడి మందును వదులుతుంది. గుండెను దెబ్బతీస్తుందని వైద్యులు భయపడుతూ వాడే డాక్సోరుబిసిన్‌ను ఇలా పొదిగి ఎలుకల్లో పరీక్షించారు. 2016లో ఇదే బృందం హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్‌నూ, మన పసుపులోని కర్క్యుమిన్‌నూ కలిపి లాక్టోఫెర్రిన్ రేణువుల్లో పెట్టింది. స్త్రీలు తమను తాము కాపాడుకోవడానికి వాడుకోగల లేపనం చేయాలన్నది ఉద్దేశం. ఇదీ జంతువుల దశలోని పనే. అయినా భర్త ఒప్పుకోలు కోసం చూడక్కర్లేని రక్షణ కోసం మన దగ్గరే ఒక ప్రయోగశాల ఇంత శ్రమపడటం నాకు ఎంతో విలువైన సంగతి.

ఎమ్మిగనూరు, ఆదోని మార్కెట్ యార్డులకు వచ్చే ఆముదాలకూ క్యాన్సర్ వార్డుకూ సంబంధం ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్ కూడా నీళ్లలో కరగని మందే. దాన్ని కరిగించడానికి ఏళ్ల తరబడి వాడింది ఆముదం నుంచి తయారుచేసే క్రీమోఫోర్ అనే ద్రావకం. మందు కన్నా ద్రావకమే రోగిని ఎక్కువ భయపెట్టేది. ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వంటి అలర్జీ రాకుండా ముందుగా స్టెరాయిడ్లు ఇవ్వాలి. మామూలు ప్లాస్టిక్ సెలైన్ సంచిలో పోస్తే ఆ ప్లాస్టిక్‌లోని రసాయనాలనూ లాగేస్తుంది. సీసా ఎక్కడానికి సాధారణంగా మూడు గంటలు పట్టేది. 2005లో అమెరికా అనుమతించిన కొత్త రూపంలో ద్రావకమే లేదు. మన నెత్తురులో పుష్కలంగా ఉండే ఆల్బుమిన్ ప్రోటీనుతో మందును కలిపి, సుమారు 130 నానోమీటర్ల రేణువులు చేశారు. అరగంటలో ఎక్కించొచ్చు. మోతాదు పెంచినా శరీరం తట్టుకుంటుంది. మందు మారలేదు, మోసేది మారింది, అంతే. వేలూరుకో బెంగళూరుకో రాత్రి బస్సులో వెళ్లి, ఇంజెక్షన్ చేయించుకుని మళ్లీ బస్సెక్కే మనిషికి ఆ రెండున్నర గంటలు చిన్న విషయం కాదు.

ఆముదపు గింజలోనే ఇంకో విశేషం ఉంది. రిసిన్ అనే విషం అందులోని ప్రోటీనే. దానికి రెండు భాగాలు. ఒకటి కణం పైపొర మీది చక్కెరలను పట్టుకుని దారి చేస్తుంది. రెండోది లోపలికి దూరి, ప్రోటీన్లు తయారయ్యే రైబోజోములను నిమిషానికి వేయికి పైగా పాడుచేస్తుంది. రిసిన్ నూనెలోకి దిగదు, పిండిలో మిగిలిపోతుంది. పశువులు ఆముదపు పిండి తింటే చచ్చిపోయేది అందుకే. దారి చూపే భాగాన్ని తీసేసి, ఆ చోట క్యాన్సర్ కణాన్ని గుర్తించే యాంటీబాడీని తగిలించి మందు చేయాలని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు.

కర్నూలు ఎండల్లో టీకా సీసా పట్టుకుని ఊళ్లు తిరిగే ఏఎన్‌ఎంను అడగండి. హెపటైటిస్-బి టీకాకు ఎండకన్నా ఐసే పెద్ద శత్రువని చెబుతుంది. ఈ టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైపొర ప్రోటీను మాత్రమే ఉంటుంది. ఆ ప్రోటీను తనంత తానే 22 నానోమీటర్ల బంతులుగా చుట్టుకుంటుంది. అవి 37 డిగ్రీల వేడిలో కూడా వారాల పాటు చెడవు. గడ్డకడితే మాత్రం వాటిని పట్టి ఉంచే అల్యూమినియం లవణం ముద్దలు కట్టి టీకా పనికిరాకుండా పోతుంది. సీసాను కుదిపి, అడుగుకు ఎంత త్వరగా పేరుకుంటుందో చూసి టీకా గడ్డకట్టిందో లేదో పట్టేస్తారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ ఈ బంతులను ఈస్టులో పండించి 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది. దేశంలో జన్యు పద్ధతిలో తయారైన తొలి టీకా అదే. విదేశీ టీకా కొనలేని ఇళ్లకు అప్పుడే అది అందుబాటులోకి వచ్చింది. ఇదే హెపటైటిస్ బంతి మీద మలేరియా పరాన్నజీవి ప్రోటీను ముక్కను అతికిస్తే ఆర్‌టీఎస్,ఎస్ టీకా అయింది. దాని తయారీని అందుకోవడానికి 2021లో ఒప్పందం చేసుకున్నది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. ప్రకృతిలో లేని బంతిని కంప్యూటర్‌లో గీసి చేసిన మొదటి టీకా, కోవిడ్‌కు వేసే స్కైకోవియోన్, 2022లో దక్షిణ కొరియా అనుమతి పొందింది. ప్రోటీన్లను అలా గీసే విద్యకే డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన నోబెల్ వచ్చింది.

ధర్మవరం మగ్గం ఎక్కే పట్టుదారం కూడా ప్రోటీనే. ఉడికించి జిగురు తీశాక మిగిలే ఫైబ్రాయిన్‌ను కరిగించి రేణువులుగా మారిస్తే మందును వారాల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది.

వానలు పడ్డాక గొర్రెల మందలను పట్టుకునే నీలి నాలుక జబ్బు రాయలసీమ కాపరులకు కొత్త కాదు. మూతి వాస్తుంది, కాళ్లు ఈడుస్తాయి, మేత మానేస్తాయి. కంటికి సరిగా ఆనని చిన్న కుట్టే పురుగులు దీన్ని మోస్తాయి. ఆ వైరస్ గర్భంలో ఒక ప్రోటీను 120 సార్లు, దాని మీద ఇంకొకటి 780 సార్లు పేర్చి ఉంటాయి. కలకత్తాలో పుట్టిన శాస్త్రవేత్త పాలీ రాయ్ బృందం 1990లో నాలుగు ప్రోటీన్లను ఒకే కణంలో తయారుచేయించింది. లోపల జన్యుపదార్థం ఏమీ లేని ఖాళీ వైరస్ తనంత తానే కట్టుకుంది. ఆ పనికి వాడింది పురుగు కణాలు. అవి మన మొక్కజొన్న చేలను 2018 నుంచి తినేస్తున్న కత్తెర పురుగు జాతివే. మన దేశంలో గొర్రెలకు వేసే టీకాలో ఇప్పటికీ చంపిన వైరస్ రకాలే ఐదు ఉంటాయి. ఖాళీ వైరస్ టీకా జబ్బును పుట్టించలేదు, దాన్ని తయారుచేయడానికి బతికున్న వైరస్‌ను పెంచాల్సిన అవసరమూ లేదు. గొర్రెల మందే ఆస్తిగా బతికే కాపరి గడప దాకా అది రావాలని నా కోరిక.