నిమ్మరసం చేపను ఉడికిస్తుందా?

పిల్లలూ! లారీలకూ బస్సులకూ మరమ్మతులు చేసే చోట వంట పాఠం జరుగుతుందని మీరెప్పుడైనా అనుకున్నారా? విజయవాడ ఆటోనగర్‌లో ఒక సాయంత్రం అలాంటి పాఠమే జరిగింది.

అక్కడ నా పాతశిష్యుడొకడు లేతు మిషను పెట్టుకున్నాడు. ఒక సెలవునాడు నన్ను భోజనానికి పిలిచాడు. షెడ్డు ముందు, ఆరుబయట కుంపటి రాజేసి, చేపముక్కలూ కూరగాయలూ చువ్వలకు గుచ్చి కాల్చాలని ఏర్పాటు. ఇది కొత్త వంట కాదు. శూలానికి గుచ్చి కాల్చిన మాంసానికి అమరకోశంలో "శూల్యం" అనే పేరే ఉన్నది.

ఏడోతరగతి చదివే అతని కొడుకు ఒక తీగ పట్టుకొచ్చి, "నాన్నా, చువ్వకు ఇది పనికొస్తుందా?" అన్నాడు.

"వద్దురా! దానికి జింకు పూత ఉన్నది. పులుపు తగిలితే పూత కరిగి తిండిలో కలుస్తుంది, వాంతులవుతాయి," అని తండ్రి స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు తీశాడు.

చేప కొరమీను. దానిలో సన్నని ముళ్ళు తక్కువ, కనక గుచ్చటానికి అనువు. అంగుళం ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, నూనె, నిమ్మరసం పట్టించి అరగంట ఊరబెట్టారు. నేను కారం తినను కనక కొన్ని ముక్కలకు ఉప్పూ నిమ్మరసమూ మాత్రమే పట్టించారు.

కుర్రవాడు నా గిన్నె మూత తీసి, "తాతగారూ! మీ ముక్కలు పొయ్యి ఎక్కకుండానే ఉడికిపోయాయి!" అంటూ ఒకటి నోట్లో వేసుకోబోయాడు. నేను చప్పున చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ముక్కను కోసి చూపించాను. పైన తెల్లగా ఉన్నది. లోపల ఇంకా పచ్చిగా, గాజులా మెరుస్తున్నది.

కారణం ఏమిటి? చేపలో మాంసకృత్తులున్నాయి. అవి చుట్టచుట్టిన దారపు ఉండల వంటివి. పులుపు తగిలినా, వేడి తగిలినా ఆ ఉండలు విడిపోయి, ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. అప్పుడు ముక్క తెల్లబడి గట్టిపడుతుంది. వేడిపాలలో నిమ్మరసం పిండితే విరగటం మీరు చూసే ఉంటారు, అదీ ఇటువంటిదే.

అయితే ఒక తేడా ఉన్నది. చేపలోని సూక్ష్మక్రిములనూ, కంటికి కనిపించని పురుగులనూ నిప్పు చంపుతుంది. నిమ్మరసాన్ని అలా నమ్మటానికి వీల్లేదు. ముక్క నడిమధ్యన 63 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగలాలి. తుంచితే పొరలుపొరలుగా విడిపోవటమే దానికి గుర్తు. అలాగని పులుపులో గంటల తరబడి ఉంచితే ముక్కలు బిరుసెక్కుతాయి.

బొగ్గుల మంట తగ్గి, పైన తెల్లని బూడిద కమ్మాక చువ్వలు పెట్టాము. ఉల్లిపాయ, వంకాయ ఉడకటానికి చేపకన్న ఎక్కువసేపు పడుతుంది, కనక వాటిని వేరే చువ్వలకు గుచ్చాము. ఇటువంటి కుంపటిని తలుపులు మూసిన గదిలో ఎన్నడూ పెట్టరాదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగూ వాసనా లేవు. అది ప్రాణం తీస్తుంది. పచ్చిచేప ఉంచిన పళ్ళెంలో కాల్చిన ముక్కలు పెట్టరాదు.

చివరకు కుర్రవాడు పెద్దల ఎదుట ఒక ముక్కను తుంచి చూసి, "తాతగారూ, పొరలుగా విడిపోయింది! ఇక తినవచ్చు," అన్నాడు.

పరీక్షలో వాడికి నూటికి నూరు మార్కులూ వేసి, ఆ ముక్క నేనే తిన్నాను.