ఒకే క్లాసు, ఇద్దరు టీచర్లు: కలిసి పనిచేయడం ఎక్కడ నేర్చుకుంటారు?

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు చూసిన సంగతి ఒకటి చెప్తా. రెండు టీములు ఆరు నెలలు విడివిడిగా కోడ్ రాసి, రిలీజ్ ముందు రోజు కలిపితే ఏమవుతుంది? ఆ రాత్రి జాగారమే! మన టీచర్ల ట్రైనింగ్ కూడా అలాగే ఉంది. దెబ్బ మాత్రం పిల్లలకి తగులుతోంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ పిల్లలు కూడా అందరితో కలిసి చదువుకోవాలంది. దీన్నే సమ్మిళిత విద్య అంటారు. మరి టీచర్లు? మామూలు బీఈడీని ఎన్‌సీటీఈ చూస్తుంది, స్పెషల్ బీఈడీని ఆర్‌సీఐ చూస్తుంది. మామూలు బీఈడీలో సమ్మిళిత పాఠశాల గురించి ఒక పేపర్ ఉంది, నిజమే. కానీ పేపర్ రాసి పాసవ్వడం వేరు, ఇంకో టీచర్‌తో కలిసి పాఠం చెప్పడం వేరు.

నాలుగో తరగతిలో భిన్నాలు చెప్తున్నారనుకోండి. ఒక పాపకి లెక్క వచ్చు, కానీ డిస్లెక్సియా వల్ల ప్రశ్న చదవలేదు. లెక్కల టీచర్ "అది స్పెషల్ టీచర్ పని" అనుకుంటే, ఆ పాప వెనక బెంచీలో ఉండిపోతుంది.

దీనికి దారులున్నాయి. అమెరికాలో మెరిలిన్ ఫ్రెండ్, లిన్ కుక్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు కలిసి బోధించే పద్ధతులను ఆరుగా విడగొట్టి చెప్పారు. మచ్చుకి మూడు చూద్దాం. ఒకటి: ఒకరు చెప్తుంటే ఇంకొకరు ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడో రాసుకుంటారు. రెండు: క్లాసుని సగం సగం చేసి ఇద్దరూ అదే పాఠం చెప్తారు. మూడు: ఒక మూల రొట్టె ముక్కలతో భిన్నాలు, ఇంకో మూల లెక్కలు; పిల్లలు గుంపులుగా అన్నిచోట్లకీ తిరుగుతారు. ఏ పద్ధతైనా ఒకరు ఎప్పుడూ మేడమ్, ఇంకొకరు ఎప్పుడూ హెల్పర్ అయిపోతే మాత్రం పని చెడినట్టే.

2021లో సుప్రీంకోర్టు ప్రైమరీలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. మన దగ్గర ఐఈఆర్‌పీలు ఒక స్కూల్లోనే రోజూ ఉండలేరు. అందుకే వాళ్లు వచ్చిన ఆ కొద్దిసేపైనా ఇద్దరికీ జోడీ కుదరాలి.

అది ఉద్యోగంలో చేరాక కుదరదు. ఇంటర్న్‌షిప్‌లోనే ఒక బీఈడీ, ఒక స్పెషల్ బీఈడీ విద్యార్థిని జంటగా పంపాలి. లెసన్ ప్లాన్ ఇద్దరూ కలిసి రాయాలి, వారం వారం పాత్రలు మార్చుకోవాలి, క్లాసయ్యాక పదిహేను నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవాలి. మార్కులు కూడా ఇద్దరికీ కలిపే వేయాలి.

మీ ఇంట్లో అక్కో అన్నయ్యో బీఈడీ చదువుతుంటే ఇది చూపించండి. "స్పెషల్ బీఈడీ వాళ్లతో కలిసి ఒక్క పాఠమైనా చెప్పావా?" అని అడగండి.