పంటి తొడుగు అంచున ఏమి జరుగుతున్నది?

ఇంటి కప్పు ఎంత గట్టిదైనా, అది గోడతో కలిసే చోట సన్నని పగులుంటే వాన నీరు లోనికి దిగక మానదు. పంటికి వేయించుకునే తొడుగు, అనగా మనమందరమూ ‘క్యాప్’ అని పిలుచుకునే క్రౌన్ సంగతీ అంతే. సెలవులకు స్వదేశం వెళ్ళి, రూట్ కెనాల్ చేయించుకుని, క్యాప్‌తో తిరిగి వచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇక ఆ పంటి బాధ తీరిందనుకుంటాము. నిజానికి ఆ పంటి ఆయుర్దాయం తొడుగు మెరుపులో లేదు; చిగురు దగ్గర తొడుగూ పన్నూ కలిసే సన్నని గీతలో ఉన్నది.

ఎంత నేర్పుగా చేసిన తొడుగుకైనా ఆ గీత వెంబడి కొంత ఖాళీ మిగులుతుంది. మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధకులు 1971లో ఆ ఖాళీ 120 మైక్రాన్లకు మించకుంటే ఆమోదించవచ్చునని ప్రతిపాదించారు. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. నోటిలోని బాక్టీరియా చాలావరకు ఒక మైక్రాను ప్రమాణంలో ఉంటుంది. కాబట్టి మంచి తొడుగు అంచు సైతం దానికి రాజమార్గమే! ఆ దారిని మూసి ఉంచేది సిమెంటు పొర.

ఆ పొర ఎంత బిగువైనదో ఎట్లా తెలుస్తుంది? చికిత్సలో భాగంగా తీసివేసిన పళ్ళను ప్రయోగశాలలో సేకరించి, వాటికి తొడుగులు చేసి, వేర్వేరు సిమెంట్లతో అతికిస్తారు. పిమ్మట 5 డిగ్రీల చల్లని నీటిలోను, 55 డిగ్రీల వేడి నీటిలోను వందల, వేల పర్యాయాలు మార్చి మార్చి ముంచుతారు. ఐస్‌క్రీము తిని కాఫీ త్రాగినప్పుడు పంటికి కలిగే పరీక్షే ఇది. పన్ను, లోహం, సిమెంటు ఒకే తీరున వ్యాకోచించవు గనుక బలహీనమైన అతుకు ఇక్కడ వీడుతుంది. తరువాత మిథిలీన్ బ్లూ వంటి రంగులో నానబెట్టి, వజ్రపు రంపంతో నిలువుగా కోసి, రంగు ఎంత లోతుకు దిగిందో సూక్ష్మదర్శినిలో కొలుస్తారు.

శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న జింక్ ఫాస్ఫేట్ పంటితో రసాయనికంగా బంధం ఏర్పరచుకోదు. ఆమ్లంలో మెల్లగా కరుగుతుంది. ఇంగ్లండులో విల్సన్, కెంట్ రూపొందించి 1970 దశకం తొలినాళ్ళలో ప్రకటించిన గ్లాస్ అయానమర్ పంటిలోని కాల్షియంతో బంధం ఏర్పరచుకుని, ఫ్లోరైడును విడుదల చేస్తుంది. రెజిన్ సిమెంట్లు దాదాపు కరగవు. పెక్కు పరీక్షలలో వీటి అంచున రంగు తక్కువగా దిగింది. అయితే గట్టిపడేటప్పుడు ఇవి కొంత కుంచించుకుపోతాయి. అతికించే వేళ తడి తగిలితే పట్టు చెడుతుంది. అందుచేత సిమెంటు ఎంపికతోపాటు వైద్యుని ఓర్పు కూడా ముఖ్యమే.

ఈ పరీక్షకూ హద్దులున్నవి. రంగు అణువు బాక్టీరియాకంటె ఎన్నో రెట్లు చిన్నది. పైగా ప్రయోగశాలలో చిగురు లేదు, లాలాజలం లేదు, నమలడమూ లేదు. కనుక ఇది సిమెంట్లను పోల్చడానికి పనికివస్తుందే తప్ప, మీ తొడుగు ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పలేదు.

రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు. అంచున పుచ్చు మొదలైనా నొప్పి హెచ్చరించదు. తెలిసేసరికి పన్ను దక్కకపోవచ్చు. అందువలన తొడుగు అంచును రోజూ బ్రష్షుతోను, ఫ్లాస్ దారంతోను శుభ్రపరచండి. నొప్పి లేకున్నా క్రమం తప్పక దంతవైద్యునికి చూపించండి. తొడుగు కదిలినా, అక్కడ దుర్వాసన తోచినా వచ్చే సెలవుల దాకా ఆగవద్దు.